ఇంజన్ బంగారంలా ఉంది సార్, మరి ఆర్సీ ఎందుకు రెన్యువల్ చేయలేదు?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. నాలుగేళ్ల కింద మా బావమరిది దగ్గర పాత బైకు కొన్నాను. ఏపీ 36 నంబరు, 2010 జూన్‌లో రిజిస్ట్రేషన్ అయింది. బావమరిది బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికి వెళ్లిపోయాడు. బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. 2025 జూన్‌తో ఆర్సీ గడువు అయిపోయింది, ఎనిమిది నెలలు పట్టించుకోలేదు. మొన్న ఆయన ఊరికి వచ్చినప్పుడు సంతకాలు తీసుకుని, స్లాట్ బుక్ చేసి బండిని తనిఖీకి తీసుకుపోతే ఫెయిల్ చేశారు. వెనక బ్రేకు సరిగా పడటం లేదు, హ్యాండిల్ ఆడుతోంది, సైలెన్సర్ కంపెనీది కాదు, శారీ గార్డు లేదు అని నోటితో చెప్పి పంపించారు. ఇంజన్ మాత్రం బంగారంలా ఉంది సార్, ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. తనిఖీకి వారం ముందే మెకానిక్‌కు రూ.2,800 ఇచ్చి బ్రేకులు చేయించాను కూడా. ఐదు వేలిస్తే బండి చూపించకుండానే పని చేయిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. 15 ఏళ్లు దాటితే బండి తుక్కుకే పోవాలని ఒకరు, ఇక నుంచి ఏటా చెకింగ్ ఉంటుందని ఇంకొకరు చెబుతున్నారు. నేను రోజూ వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు హమాలీ పనికి ఈ బండి మీదే పోతాను. పోలీసులు పట్టుకుంటే ఏమవుతుంది? యాక్సిడెంట్ అయితే ఏమవుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక మాట. ఈ రోజు నుంచి బండి ఇంట్లో పెట్టండి. మార్కెట్‌కు బస్సులో పోండి, లేదంటే తోటి హమాలీ బండి వెనక కూర్చోండి. కూలి పనికి పోయే మనిషికి ఇది ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అయినా ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

తుక్కు భయం వదిలేయండి. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదన్న ఆంక్ష ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నుంచి వచ్చింది. అది వరంగల్‌కు వర్తించదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 41 ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి నడవడానికి తగినట్టు ఉంటే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఏటా చెకింగ్ అనేది సొంత బైకుకు లేదు. అది ఎనిమిదేళ్లు దాటిన ఆటోలు, ట్యాక్సీలు, లారీల వంటి రవాణా వాహనాల ఫిట్‌నెస్ సంగతి. మీకు పదేపదే చేయించాల్సింది ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. మీ బండి బీఎస్-4 అనే పొగ కాలుష్య ప్రమాణం రాకముందుది కాబట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. చాలామంది ఏడాది అనుకుని దొరికిపోతారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘ఇంజన్ బంగారంలా ఉంది’ అన్నది. నా దగ్గరికి వచ్చే ప్రతి పాత బండి యజమానీ ఇదే మాట అంటాడు. అబద్ధం కాదు, మన దగ్గర నడిచే వంద సీసీ బండ్ల ఇంజన్లు నిజంగానే గట్టివి. ఆయిల్ మారుస్తూ ఉంటే ఇరవై ఏళ్లయినా లాగుతాయి. కానీ తనిఖీలో అధికారి చూసేది బండి ఎంత బాగా పరుగెడుతుందని కాదు, ఎంత బాగా ఆగుతుందని, ఎదుటివాడికి ఎంత బాగా కనపడుతుందని. ఇంజన్ బాగుండటం మీకు లాభం. బ్రేకు బాగుండటం రోడ్డు మీద ఎదురొచ్చే వాళ్లందరికీ ప్రాణం.

ఇంగ్లాండ్‌లో మూడేళ్లు దాటిన బైకును ప్రతి సంవత్సరం పరీక్షకు తీసుకుపోవాలి. అక్కడ లోపాలు ఏ ఏడాదివి ఆ ఏడాదే బయటపడతాయి. మన దగ్గర 15 ఏళ్ల దాకా సొంత బైకును తనిఖీకి తెమ్మని ఎవరూ అడగరు. వడ్ల బస్తాలు, పత్తి మూటలు, ముగ్గురేసి మనుషులు, గుంతల రోడ్లు, వానాకాలం బురద, ఇవన్నీ మోసిన బండి ఒక్క రోజు అధికారి ముందు నిలబడుతుంది. అందుకే అందరి బండ్లలోనూ ఇంచుమించు ఇవే లోపాలు తేలతాయి: బ్రేక్ షూలు అరిగిపోవడం, కోన్ సెట్ వదులై హ్యాండిల్ ఆడటం, ఫోర్క్ ఆయిల్ సీలు కారడం, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు పోయి వెనక చక్రం ఊగడం, చైన్ స్ప్రాకెట్ పళ్లు సూదుల్లా తేలడం, టైరు నున్నగా అవడం, బ్రేకు లైటు వెలగకపోవడం. చాసిస్ నంబరు తుప్పు పట్టి కనపడకపోవడం ఇంకో పెద్ద తలనొప్పి. మీకు ఆ సమస్య రాలేదు, సంతోషం.

శారీ గార్డును చాలామంది చిన్నచూపు చూస్తారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన దీని గురించే చెబుతుంది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా, చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పే అడ్డు ఉండాలి. చీర కొంగో, చున్నీనో చక్రంలో చుట్టుకుని ఆడవాళ్లు కింద పడిన కేసులు నేను స్వయంగా వాదించాను. ఒక కేసులో ఇద్దరు పిల్లల తల్లి చనిపోయింది. ఆ గార్డు ధర కొన్ని వందల రూపాయలు. మీ ఇంట్లో వాళ్లు ఆ బండి వెనక ఒక వైపుకు కూర్చుంటారు కదా, రిజిస్ట్రేషన్ సంగతి పక్కన పెట్టి అయినా రేపే బిగించండి.

సైలెన్సర్ విషయం. మీరే మార్చారో, కొన్నప్పుడే అలా ఉందో రాయలేదు. ఎలా ఉన్నా, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. యజమానే మారిస్తే 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. దీని మీద వాదన పెట్టుకోకండి. కంపెనీ సైలెన్సర్ వేయించండి.

ఇక మీ హక్కు. నోటితో చెప్పి పంపించారన్నారు, అది చాలదు. సెక్షన్ 45 ప్రకారం బండిలో యాంత్రిక లోపం ఉందన్న కారణంతో రెన్యువల్ నిరాకరించవచ్చు. కానీ అలా నిరాకరిస్తే ఆ ఉత్తర్వు కాపీని, కారణాలతో సహా దరఖాస్తుదారుకు ఇచ్చి తీరాలి. మర్యాదగా ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, ‘సెక్షన్ 45 కింద కారణాలు రాతపూర్వకంగా ఇప్పించగలరు’ అని అడగండి. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఉత్తర్వు చేతికి అందిన 30 రోజుల్లోపు సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

అయితే మీ కేసులో అప్పీలుకు పొమ్మని నేను చెప్పను. అధికారి చెప్పిన నాలుగు లోపాలూ బాగు చేయించుకోగలిగినవే, నాలుగూ న్యాయమైనవే. రాతపూర్వకంగా తీసుకోమనడం ఎందుకంటే, మెకానిక్‌కు ఏం చేయాలో స్పష్టంగా ఉంటుంది, రెండోసారి పోయినప్పుడు కొత్త లోపం చెప్పి తిప్పి పంపకుండా ఉంటుంది. చాసిస్ నంబరు సరిపోలడం లేదని పొరపాటుగా నిరాకరించడం వంటివి జరిగితే అప్పీలు పనికొస్తుంది.

ఆ కాగితానికి ఇంకో ముఖం కూడా ఉంది, అది మీరు తెలుసుకోవాలి. సెక్షన్ 190 ప్రకారం, బండిలో ఉన్న ప్రమాదకరమైన లోపం తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి కూడా నడిపితే నేరం. ఆ లోపం వల్ల యాక్సిడెంట్ అయి ఎవరికైనా దెబ్బలు తగిలితే మూడు నెలల దాకా జైలు గానీ రూ.5,000 జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. తనిఖీకి ముందు ‘నాకు తెలియదు సార్’ అనే అవకాశం కొంతైనా ఉండేది. బ్రేకు పడటం లేదని అధికారి చెప్పాక అది పోయింది. బండి ఇంట్లో పెట్టమన్నది ఇందుకే.

రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండి నడిపినందుకు సెక్షన్ 192 వేరుగా ఉంది. మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా. మళ్లీ దొరికితే రూ.5,000 నుంచి రూ.10,000 దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఒక మినహాయింపు ఉంది: జబ్బుపడిన వాళ్లనో, దెబ్బలు తగిలిన వాళ్లనో అత్యవసరంగా తీసుకుపోతే ఈ సెక్షన్ వర్తించదు. ఆ సంగతి ఏడు రోజుల్లో ప్రాంతీయ రవాణా అధికార సంస్థకు తెలపాలి. రోజూ పనికి పోవడం ఈ మినహాయింపులోకి రాదు.

యాక్సిడెంట్ మాట అడిగారు. బండికి ఇన్సూరెన్సు ఉన్నా సరే, రిజిస్ట్రేషన్ లేని సమయంలో మీ బండికే నష్టం జరిగితే క్లెయిమ్ దాదాపు పోయినట్టే. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండ్ల విషయంలో సుప్రీంకోర్టు 2014లో నరీందర్ సింగ్ కేసులోనూ, 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసులోనూ ఇది పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘనేనని తేల్చింది. మీ బండిది తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాకపోయినా, ఇన్సూరెన్సు కంపెనీ ఈ తీర్పులనే పట్టుకొస్తుంది. ఎదుటి మనిషికి దెబ్బలు తగిలితే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మొదట ఇన్సూరెన్సు కంపెనీతో పరిహారం కట్టించి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఆదేశించే ప్రమాదం ఉంది.

ఆ యజమాని ఎవరు? ఇక్కడే మీ బావమరిది గుండెల్లో రాయి పడాలి. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎంతమంది చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లే. అంటే మీరు పరకాల రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే, భీవండిలో మగ్గం దగ్గర నిలబడ్డ మనిషికి నోటీసు పోతుంది. సొంతవాళ్ల మధ్య కాగితాలెందుకని ఆగిపోయి ఉంటారు. సొంతవాళ్లు కాబట్టే చేయించాలి.

మెకానిక్ సంగతి. డబ్బు తీసుకుని చేసిన పని సరిగా లేకపోతే అది వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవా లోపమే. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, రూ.5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. కానీ మీ దగ్గర బిల్లు ఉందా? షెడ్డులో చేయించే పనికి మనం బిల్లు అడగం. ముందు అతని దగ్గరికే పోయి, తనిఖీ కాగితం చూపించి, బ్రేకు డ్రమ్ము విప్పించి షూలు నిజంగా మార్చాడో లేదో చూడండి. షూలు కొత్తవే అయి డ్రమ్ము అరిగిపోయి ఉంటే తప్పు పూర్తిగా అతనిది కాకపోవచ్చు. నా అనుభవంలో పది మందిలో ఎనిమిది మంది మళ్లీ చేసిస్తారు. వినకపోతే హనుమకొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీకి పిలిపించమని దరఖాస్తు ఇవ్వండి. రూ.2,800 కోసం కమిషన్ చుట్టూ తిరిగితే మీ కూలి దినాలే అంతకన్నా ఎక్కువ పోతాయి. న్యాయ సహాయానికి 15100 నంబరుకు కూడా ఫోన్ చేయవచ్చు.

ఏజెంటుకు రూపాయి ఇవ్వకండి. బండి చూడకుండా ఆర్సీ వచ్చిందంటే ఆ పైసల్లో కొంత ఎవరికో లంచంగా పోయినట్టే. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఎవరైనా బలవంతం చేస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవారికి రక్షణ ఉంటుంది, అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్ ఫ్రీ నంబరు 1064. ఇంతకీ ఆ ఐదు వేలతో బ్రేకు, కోన్ సెట్, శారీ గార్డు చాలావరకు అయిపోతాయి. అలా తెచ్చుకున్న ఆర్సీతో మీకు దక్కేది పడని బ్రేకే.

ఖర్చు లెక్క చూసుకోండి. కేంద్ర నిబంధనల్లో 20 ఏళ్ల లోపు బైకు రెన్యువల్ ఫీజు రూ.1,000. ఆలస్యానికి నెలకు రూ.300 చొప్పున ఎనిమిది నెలలకు రూ.2,400. దీనిమీద గ్రీన్ ట్యాక్స్, సర్వీసు చార్జీలు ఉంటాయి, స్లాట్ బుక్ చేసేటప్పుడు మొత్తం కనపడుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ నెలకు మూడు వందలు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి రిపేర్లు ఈ వారంలోనే పెట్టుకోండి. నిజానికి గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మీ ఊళ్లో 2011, 2012 నాటి బండ్లున్న వాళ్లకు ఈ మాట చెప్పండి.

రెండోసారి తనిఖీకి బండిని నడుపుకుంటూ పోకండి, ట్రాలీ ఆటోలో వేసుకుపోండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఆ రోజుకు చెల్లుబాటులో ఉండాలి. రెన్యువల్ దరఖాస్తు యజమాని తరఫున పోవాలి కాబట్టి మీ బావమరిది సంతకం, ఆధార్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ అవసరం పడతాయి. ఆయన తిరుగు రైలు ఎక్కకముందే పేరు మార్పిడి కోసం 29, 30 నంబరు ఫారాల మీద కూడా సంతకాలు తీసుకోండి. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఈ పని చేయాలి, మీకు నాలుగేళ్లయింది. ఆర్సీ మీ పేరు మీదికి రాగానే ఇన్సూరెన్సు పాలసీని కూడా 14 రోజుల్లోపు మీ పేరుకు మార్పించుకోండి.