కుంటలో మార్పు చేపలెన్ని? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి కుంట వానాకాలంలో నిండి, ఉగాది దాటేసరికి అడుగంటుతుంది. అందులో మార్పు చేపలు బాగా తగ్గాయంటున్నారు. మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టి, పడినవాటిని లెక్కబెడితే సరిపోతుందా?
- డిగ్రీ విద్యార్థులు, పోరుమామిళ్ల

జవాబు: అలా వచ్చేది మావుల్లో పడిన లెక్కే, కుంటలో ఉన్న లెక్క కాదు. కుంట నిండుగా ఉన్నప్పుడు రాత్రికి నాలుగు పడిన చోటే, నీళ్లు సగమయ్యాక పది పడొచ్చు. చేపలు పెరిగి కాదు, చోటు ఇరుకై. ఇంకా ఎండితే బురదలోకి దూరుతాయి. అప్పుడు మావులు ఖాళీగా లేస్తాయి, చేపలే లేవని రాసుకుంటారు.

గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టే పద్ధతి మేలు. మరవ (అలుగు) పారడం ఆగి, వంక నీళ్లు రావడం నిలిచి, తూము మూసి ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మధ్యలో చేప వచ్చినా పోయినా లెక్క తప్పుతుంది. మూడు రాత్రులు పట్టండి. ప్రతి చేప పొడవు, బరువు రాసుకుని, తోకరెక్క పైకొస కొద్దిగా కత్తిరించి, పట్టిన చోటే వదలండి. వారం తర్వాత మళ్లీ పట్టండి. రెక్క తిరిగి పెరుగుతుంది కాబట్టి నెలలు ఆగితే గుర్తు దొరకదు.

మొదట 40 చేపలకు గుర్తు పెట్టారనుకోండి. రెండోసారి 50 పడ్డాయి, వాటిలో 9 గుర్తున్నవి. మూడు అంకెలకూ ఒక్కోటి కలిపి, 41ని 51తో గుణించి, 10తో భాగించి, 1 తీసేయండి: సుమారు 208. గుర్తున్నవి ఏడు కన్నా తక్కువ దొరికితే ఆ అంకెను నమ్మకండి, ఇంకో రెండు రాత్రులు పట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది మావు దగ్గరే. మార్పుకు మొప్పలతో పాటు గాలి పీల్చే అవయవం ఉంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి గుటక వేస్తుంది. మావును పూర్తిగా ముంచి రాత్రంతా వదిలితే, ఆక్సిజన్ తక్కువున్న కుంట నీళ్లలో ఊపిరాడక చస్తుంది. నీళ్లలో చేప మునిగి చావడమేమిటని నవ్వొద్దు! మావు పైభాగం జానెడు నీటిపైన ఉండేలా కర్రకు కట్టండి. పొద్దు గుంకే ముందు వానపాములు ఎరగా వేసి పెట్టి, తెల్లారగానే తీయండి. చేపను తడి చేత్తోనే పట్టాలి, జిగురు పోతే పుండు పడుతుంది. పక్కరెక్కల ముళ్లు గుచ్చుకుంటే బాగా సలుపుతుంది, జాగ్రత్త.

కుంటను వేలంపాటలో పాడుకున్నవాళ్లను ముందే అడగండి. పోరుమామిళ్ల పెద్దచెరువులో మాత్రం ఈ పని పెట్టుకోకండి. 1369 నాటి శాసనమున్న అంత చెరువుకు నలుగురు విద్యార్థులు, పది మావులు ఏమూలకూ చాలవు.

ప్రశ్న: మాకు దొరికినవి నాటు మార్పులో, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలో తేలడం లేదు.
- అనంతపురం

జవాబు: అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయుసిఎన్ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా చేరింది నాటు మార్పు. థాయ్ మాగూర్ పేరుతో అమ్మే ఆఫ్రికా జాతి పెంపకం మన దేశంలో నిషిద్ధం. తల వెనక ఎముక అంచును వేలితో తడిమి చూడండి. నాటుదానికి ఇంగ్లిష్ 'వి' ఆకారంలో, ఆఫ్రికాదానికి 'ఎం' ఆకారంలో ఉంటుంది. చిన్నపిల్లల్లో ఇది స్పష్టంగా తెలియదు. తల పైనుంచి, కిందనుంచి స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి, 'అనుమానం' అని వేరే గడిలో రాయండి. ఆఫ్రికాదని తేలితే మాత్రం తిరిగి కుంటలో వదలకండి.

ప్రశ్న: తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా చూపలేదు. మీటరు చెడిందా?
- కర్నూలు

జవాబు: చెడి ఉండకపోవచ్చు. రాత్రంతా నాచు, కలుపు, బురద ఆక్సిజన్ తీసుకోవడమే గాని ఇచ్చేది ఉండదు. మీటరును తడి గుడ్డ దగ్గర గాలిలో పట్టి 100 శాతం చూపుతోందో లేదో సరిచూసి, మధ్యాహ్నం రెండింటికి అదే చోట, అదే లోతులో మళ్లీ కొలవండి. రెండు అంకెలూ, కొలిచిన సమయంతో సహా రాయాలి. మార్పు ఆ నీళ్లలో బతుకుతుంది గాని దాని పక్కనున్న పరిగె చేపలు బతకవు. ఆ రోజు చచ్చి తేలినవి ఏవైనా ఉంటే అవీ రాసుకోండి.