కిడ్నీ ఉంచే దారి ఉందని చెప్పలేదు.. కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 62 ఏళ్లు. మూత్రంలో రక్తం పడుతుంటే విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో క్యాన్సర్ గడ్డ ఉందని కిడ్నీ, గొట్టం కలిపి తీసేశారు. కొబ్బరి దింపు డబ్బులకి అప్పు తోడు చేసి మూడు లక్షలు కట్టాం. 16 నెలలైంది. మొన్న వేరే డాక్టరు రిపోర్టు చూసి, ‘లో గ్రేడ్ (అంత ఉధృతం కాని రకం), చిన్న గడ్డే. కిడ్నీ ఉంచి లేజర్‌తో కాల్చి చూడాల్సింది’ అన్నారు. కాగితాల మీద సంతకం నేనే పెట్టాను. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే ‘కిడ్నీ తీయడమే తప్పు’ అని వేస్తే నెగ్గడం కష్టం. ఈ క్యాన్సర్‌కి కిడ్నీ, గొట్టం తీసేయడం ఏళ్లుగా ఉన్న వైద్యమే. ‘ఇంకో దారి ఉందని మా నాన్నగారికి చెప్పలేదు’ అన్నదే మీ కేసు.

ఆ ఇంకో దారి అందరికీ పనికిరాదు. గడ్డ ఒక్కటే ఉండాలి, 2 సెంటీమీటర్ల లోపుండాలి, ముక్క పరీక్షలో లో గ్రేడ్ అని రావాలి, సీటీ స్కాన్‌లో గొట్టం గోడలోకి పాకినట్టు కనిపించకూడదు. అప్పుడు కింది నుంచి కెమెరా పంపి లేజర్‌తో కాల్చి కిడ్నీని కాపాడతారు. గడ్డ మళ్లీ రావచ్చు కాబట్టి పదే పదే కెమెరా పరీక్షలకు తిరగాలి. ‘ఆ తిరుగుడు నావల్ల కాదు, తీసేయండి’ అనేవాళ్లూ ఉంటారు. కానీ ఆ మాట అనాల్సింది మీ నాన్నగారు.

ఇప్పుడు ఫైలు తీసి, ఆ లో గ్రేడ్ రిపోర్టు మీద తేదీ చూడండి. ఆపరేషన్ తర్వాతి తేదీ ఉంటే అది తీసేసిన కిడ్నీని పరీక్షించి ఇచ్చిన రిపోర్టు. కత్తి పెట్టేనాటికి డాక్టరుకి ఆ సంగతి తెలీదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. ఆపరేషన్‌కి ముందు ముక్క పరీక్ష చేశారా, చేయకపోతే ఎందుకని? దీనికి జవాబు కేస్ షీటులో వెతకాలి. నా దగ్గరికొచ్చే ఫైళ్లలో బిల్లులన్నీ వరసగా పిన్ను కొట్టి ఉంటాయి, కేస్ షీటు మాత్రం ఉండదు!

మీ సంతకం మీకే బలం కావచ్చు. సమీరా కోహ్లి కేసులో మత్తులో ఉన్న రోగి తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేస్తే, ఆ అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్యం ఏమిటి, వేరే మార్గాలున్నాయా, ముప్పు ఎంత అన్నవి రోగికే చెప్పాలంది. నాన్నగారు స్పృహలోనే ఉన్నారు కదా, ఆయన సంతకం ఎందుకు తీసుకోలేదు? అయితే ఆ కేసులో ఇప్పించిన పరిహారం 25 వేలే. లక్షలు చేతికొస్తాయని ఆశ పెట్టుకోకండి.

గడువు రెండేళ్లు. ఆపరేషన్ రోజు నుంచే లెక్కేసుకుంటే మీకు 8 నెలలుంది. విశాఖ వెళ్లక్కర్లేదు, మీరుండే జిల్లాకి సంబంధించిన వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆ రెండో డాక్టరు నోటిమాట చాలదు, రాసిస్తారేమో అడగండి. పోలీసు స్టేషన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవదని జాకబ్ మాథ్యూ తీర్పు (2005) ఉంది.

ముందుగా నాన్నగారి సంతకంతో ‘నా కేస్ షీటు, అనుమతి పత్రం, ఆపరేషన్ నోట్సు, స్కాన్ల నకళ్లు ఇవ్వండి’ అని తెల్లకాగితం మీద రాసి ఆసుపత్రిలో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన. రికార్డులు మూడేళ్లు దాస్తే చాలన్నదీ అదే నిబంధన, కాబట్టి ఈ వారమే వెళ్లండి.