గెలిస్తే మనోడు, ఓడితే ఎవడో

పోయిన సంచికలో ఫుట్‌బాల్ గురించి ఏదో మాటవరసకి నాలుగు ముక్కలు రాశాను, అంతే, మెయిల్స్ కుప్పలు పడ్డాయి. మనవాళ్ళకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు అనుకునేవాణ్ణి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పైగా సగం మంది అడిగింది ఆట గురించి కూడా కాదు, ఆ ఆటగాళ్ళ చుట్టూ జరిగే గొడవల గురించి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే.

*ప్రశ్న: అర్జెంటీనా ఆటగాడు మారడోనా 1986 వరల్డ్ కప్‌లో చేత్తో గోల్ కొట్టాడు. అది మోసమే కదా? దాన్ని దేవుడి చెయ్యి అని గొప్పగా చెప్పుకోవడానికి ఆ దేశం వాళ్ళకి సిగ్గనిపించదా?*
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, మదనపల్లె

మాస్టారూ, మోసమే, అందులో డౌటే లేదు. కానీ డేట్లు ఒకసారి చూడండి. ఆ మ్యాచ్ 1986 జూన్ 22న మెక్సికో సిటీలో, ఎదురుగా ఉన్నది ఇంగ్లండ్. దానికి నాలుగేళ్ళ ముందే 1982లో ఫాక్లండ్ దీవుల కోసం ఈ రెండు దేశాలూ యుద్ధం చేసుకున్నాయి, అర్జెంటీనా వైపు 649 మంది పోయారు, వాళ్ళలో చాలామంది నిర్బంధంగా సైన్యంలోకి లాగిన కుర్రాళ్ళు. మిలిటరీ పాలకులు తమ కుర్చీ కాపాడుకోడానికి మొదలుపెట్టిన యుద్ధం అది, అయినా చచ్చిపోయింది వీధి చివర ఇంట్లో పిల్లాడే కదా. ఆ కోపం, ఆ అవమానం తీర్చుకునే దారి లేక లోపల ఉండిపోయింది. అట్లాంటప్పుడు విల్లా ఫియోరితో అనే మురికివాడలో పుట్టిన ఒక పొట్టివాడు, అదే ఇంగ్లండ్‌ని ఒకసారి చేత్తో బోల్తా కొట్టించి, నాలుగు నిమిషాలకే సగం గ్రౌండు దాటుకుంటూ అందర్నీ తప్పించి ఇంకో గోల్ కొట్టాడు. మొదటిది చూసి ఇంగ్లండ్ వాళ్ళు దొంగ అన్నారు, రెండోది చూశాక ఏమనాలో తెలీలేదు. అంత పెద్ద కృష్ణదేవరాయల్ని ఒక మామూలు బ్రాహ్మడు బోల్తా కొట్టించాడని తెనాలి రామలింగడి కథలు మనం పిల్లలకి చెప్పి మరీ నవ్వుకుంటాం కదా, అక్కడెవరైనా న్యాయం లెక్కేస్తారా చెప్పండి.

కానీ నన్నడిగితే మారడోనా కథలో అసలు భాగం అర్జెంటీనాలో లేదు, ఇటలీలో ఉంది. 1984లో నేపుల్స్ ఊరి క్లబ్బు నాపోలి ఆయన్ని కొనుక్కుంది, ఉత్తినే చూడ్డానికే 70 వేల మందికి పైగా స్టేడియానికి వచ్చారు. ఇటలీలో ఉత్తరం వాళ్ళకి ఫ్యాక్టరీలు, డబ్బు, టూరిన్, మిలాన్ క్లబ్బులు. దక్షిణం వాళ్ళంటే చిన్నచూపు, నాపోలి ఉత్తరాదికి ఆడ్డానికి వెళ్తే స్నానం చేసి రండి, కలరా మనుషులు అని పాటలు కట్టి పాడేవాళ్ళు. (ఢిల్లీలో ఉద్యోగం చేసి మద్రాసీ అనిపించుకున్న మన పాత తరం వాళ్ళకి ఈ మంట నేను వేరే చెప్పక్కర్లేదు.) అట్లాంటి ఊరికి 1987లో చరిత్రలో మొట్టమొదటి లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. ఆ రాత్రి ఎవరో స్మశానం గోడ మీద, మీరేం మిస్సయ్యారో మీకు తెలీదు, అని చనిపోయినవాళ్ళకి రాసిపెట్టారట. ఇంతకన్నా పెద్ద మ్యాచ్ రిపోర్టు నేనెక్కడా చదవలేదు.

ఇప్పుడు అసలు సంగతి. 1990 వరల్డ్ కప్ ఇటలీలోనే, సెమీఫైనల్లో ఇటలీకీ అర్జెంటీనాకీ పడింది, అదీ నేపుల్స్‌లోనే, మారడోనా సొంత గ్రౌండ్‌లో! మ్యాచ్‌కి ముందు ఈయన ఊరుకోలేదు, ఏడాదంతా మిమ్మల్ని పరాయివాళ్ళలా చూసి ఈ ఒక్కరోజు ఇటాలియన్లు అవ్వమంటున్నారు అని పుల్ల పెట్టాడు. ఊరు ఊరంతా ఇరకాటంలో పడింది. మారడోనా, నేపుల్స్‌కి నువ్వంటే ప్రాణం, కానీ ఇటలీ మా దేశం, అని బ్యానర్ కట్టారు. ఆ బ్యానర్ కట్టినవాడి కష్టం చూడండి, పెళ్ళిలో పుట్టింటికీ అత్తింటికీ మధ్య నిలబడ్డ కోడలి కష్టం అది. అర్జెంటీనా పెనాల్టీల్లో గెలిచింది, మారడోనా తన పెనాల్టీ కొట్టాడు కూడా. ఐదు రోజుల తర్వాత రోమ్ ఫైనల్లో అర్జెంటీనా జాతీయగీతం వస్తుంటే స్టేడియం మొత్తం ఈలలు, టీవీ కెమెరా తన మొహం మీదకి రాగానే ఆయన తిట్టిన తిట్టు పెదాల మీద ప్రపంచమంతా చదివేసింది. తర్వాత ఏడాది తిరక్కుండానే 1991లో కొకైన్ కేసు, 15 నెలల బ్యాన్. మరి 2020లో చనిపోతే? అర్జెంటీనా మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించింది, నేపుల్స్ ఆ స్టేడియానికి ఆయన పేరే పెట్టుకుంది.

*ప్రశ్న: మెస్సీ గొప్పా, రొనాల్డో గొప్పా? ఒక్క మాటలో చెప్పండి.*
– ఇంటర్ స్టూడెంట్, కొత్తగూడెం

తమ్ముడూ, ఇదే ప్రశ్న మీద మా ఇంట్లో ఇద్దరు పిల్లలకి రెండు రోజులుగా మాటల్లేవు. నన్ను లాగకు.

*ప్రశ్న: పన్నెండేళ్ళుగా జర్మనీలో ఉంటున్నాం. మా బాబు ఇక్కడే పుట్టాడు, ఊళ్ళో క్లబ్బు టీంలో ఆడతాడు, జర్మనీ టీషర్టు వేసుకుని తిరుగుతాడు. ఓజిల్ విషయంలో అంత గొడవ ఎందుకైందో మొన్న వాడు అడిగితే నాకు సరిగ్గా చెప్పడం రాలేదు.*
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఫ్రాంక్‌ఫర్ట్

మీ బాబులాంటి వాడే అమ్మా ఓజిల్ కూడా, ఒక తరం ముందుకి జరిపితే. వాళ్ళ తాత టర్కీ నుంచి పని కోసం వచ్చాడు, ఈయన గెల్సెన్‌కిర్షన్ అనే బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. 2014లో వరల్డ్ కప్ గెలిచిన జర్మనీ టీంలో ఉన్నాడు, అంతకుముందే 2010లో వలస వచ్చినవాళ్ళు ఎలా కలిసిపోవాలో చూడండి అని ఆయనకి అవార్డు కూడా ఇచ్చారు. 2018 మేలో లండన్‌లో టర్కీ ప్రెసిడెంట్ ఎర్డోగన్‌తో ఫోటో దిగాడు. జర్మనీకీ ఎర్డోగన్‌కీ అప్పటికే పడట్లేదు, పైగా టర్కీలో నెల రోజుల్లో ఎలక్షన్లు. నెల తర్వాత వరల్డ్ కప్పులో జర్మనీ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి గ్రూప్ స్టేజ్‌లోనే ఇంటికొచ్చేసింది, ఇక చూసుకోండి, పదకొండు మంది ఆడితే ఓటమి ఒక్కడి ఖాతాలో పడింది. జూలై 22న టీంకి గుడ్‌బై చెప్తూ ఆయన రాసిందాని సారం ఒక్కటే, గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలస వచ్చినవాణ్ణి. అదే స్టేట్‌మెంట్‌లో ఇంకో మాట అడిగాడు చూడండి, అది నాకు ఇంకా నచ్చింది: నాతో ఆడిన క్లోజా, పొడోల్స్కీ పోలండ్‌లో పుట్టారు కదా, వాళ్ళని పోలిష్ జర్మన్ అని ఎందుకనరు, నన్ను మాత్రం టర్కిష్ జర్మన్ అని ఎందుకంటారు అని.

అయితే ఆ ఫోటో అమాయకంగా దిగింది అంటే నేను మాత్రం నమ్మను. మరుసటి ఏడాది ఓజిల్ పెళ్ళికి ఎర్డోగన్ దగ్గరుండి సాక్షిగా నిలబడ్డాడు. ఆ ఫోటోని తప్పుపట్టే హక్కు జర్మన్లకి ఉంది. కానీ ఒక ఫోటోని తప్పుపట్టడం వేరు, నువ్వు మావాడివే కాదనడం వేరు, మీ బాబుకి ఈ తేడా చెప్పగలిగితే చాలనుకుంటా.

పక్కనే ఫ్రాన్స్ సంగతి కూడా వాడికి చెప్పండి. 1998 జూలై 12న వరల్డ్ కప్ ఫైనల్లో జిదాన్ తలతో రెండు గోల్స్ కొడితే పారిస్‌లో ఆయన మొహాన్ని విజయతోరణం మీద లైట్లతో వేసి చూపించారు. అమ్మానాన్నలు అల్జీరియా నుంచి వచ్చినవాళ్ళు, పెరిగింది మార్సెయ్‌లో వలసవాళ్ళు ఉండే కాలనీలో. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, అరబ్బులు అందరం ఒకటే అని పేపర్లు మురిసిపోయాయి. మూడేళ్ళకి, 2001 అక్టోబర్లో ఫ్రాన్స్–అల్జీరియా మ్యాచ్ పెడితే, అక్కడే పుట్టిన పిల్లలే ఫ్రాన్స్ జాతీయగీతానికి ఈలలేసి, చివర్లో గ్రౌండ్లోకి దూకేసరికి మ్యాచ్ ఆగిపోయింది. ఇంకో ఆరు నెలలకి వలస వచ్చినవాళ్ళని తిట్టి బతికే లె పెన్ ప్రెసిడెంట్ ఎలక్షన్లో రెండో రౌండు దాకా వచ్చాడు. ఒక్క కప్పుతో కాలనీల్లో ఉద్యోగాలు వచ్చేస్తాయా మరి.

*ప్రశ్న: ఆటగాళ్ళు రాజకీయాల్లోకి రావడం ఫుట్‌బాల్లో కూడా ఉందా?*
– మెడికల్ షాపు ఓనర్, తెనాలి

బోలెడు. మనకి 1983లో సినిమా చేసిన పని లైబీరియాలో ఫుట్‌బాల్ చేసింది. జార్జ్ వియా మన్రోవియా మురికివాడ కుర్రాడు, 1995లో ప్రపంచంలోనే బెస్ట్ ప్లేయర్‌గా బాలన్ డోర్ గెలిచాడు, ఇప్పటికీ ఆఫ్రికా నుంచి ఆ అవార్డు ఇంకెవరికీ రాలేదు. కాకపోతే ఎన్టీఆర్ గారిలా తొమ్మిది నెలల్లో అయిపోలేదు, 2005లో నిలబడితే చదువు లేదని వెక్కిరించారు, ఓడిపోయాడు. 2018లో ప్రెసిడెంట్ అయ్యాడు. 2023లో ఓడిపోతే పేచీ పెట్టకుండా ఫోన్ చేసి గెలిచినాయన్ని అభినందించి దిగిపోయాడు, ఆ ఖండంలోనూ మన ఖండంలోనూ అది చిన్న విషయం కాదు. ఐవరీ కోస్ట్‌లో ద్రోగ్బా 2005లో టీవీ కెమెరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంతర్యుద్ధం ఆపండయ్యా అని బతిమాలితే దేశం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే ద్రోగ్బా 2022లో వాళ్ళ దేశం ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఎలక్షన్లో నిలబడితే ఓడగొట్టారు, కూర్చున్నవాళ్ళు అంత తేలిగ్గా కుర్చీ ఇస్తారా ఎక్కడైనా.

*ప్రశ్న: 2021లో పాకిస్తాన్ మీద ఓడాక షమీని ఎలా తిట్టారో చూశాం. ఇదొక్క మన దగ్గరే ఉన్న జబ్బా?*
– డిగ్రీ లెక్చరర్, కర్నూలు

కాదు మేడం. అదే ఏడాది యూరో ఫైనల్లో పెనాల్టీలు మిస్సైన ముగ్గురు ఇంగ్లండ్ కుర్రాళ్ళు సాకా, రాష్‌ఫర్డ్, సాంచో, ముగ్గురూ నల్లవాళ్ళు, తిట్ల దెబ్బకి ఫోన్ తెరవలేకపోయారు పాపం. కానీ ఈ జబ్బుకి పెద్దన్న బ్రెజిల్, మీకు బార్బోసా కథ చెప్పాలి.

1950 జూలై 16, రియోలో మరకానా స్టేడియం, సుమారు రెండు లక్షల జనం. ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా చాలు బ్రెజిల్‌కి వరల్డ్ కప్పు వస్తుంది. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిజ్జా కుడివైపు నుంచి వచ్చాడు, ముందు గోల్ అప్పుడు చేసినట్టే లోపలికి పాస్ ఇస్తాడనుకుని గోల్‌కీపర్ బార్బోసా ఒక్క అడుగు పక్కకి జరిగాడు, బంతి ఆయనకీ స్తంభానికీ మధ్య ఉన్న ఆ జానెడు సందులోంచి వెళ్ళిపోయింది. 2-1. తప్పంతా బార్బోసా మీదా ఇంకో ఇద్దరు డిఫెండర్ల మీదా వేశారు, ముగ్గురూ నల్లవాళ్ళే. బానిసత్వం రద్దయి అప్పటికి అరవై ఏళ్ళు దాటింది, మా దేశంలో రంగు పట్టింపు లేదని వాళ్ళు గొప్పగా చెప్పుకునే రోజులు అవి. మళ్ళీ వరల్డ్ కప్పులో బ్రెజిల్ మెయిన్ గోల్‌కీపర్‌గా ఒక నల్లజాతి ఆటగాడు, దీదా, నిలబడింది 2006లో, లెక్కేసుకోండి. మార్కెట్లో ఒకావిడ తన కొడుక్కి ఈయన్ని చూపించి, చూడు నాన్నా, దేశం మొత్తాన్ని ఏడిపించింది వీడే అన్నదట, ఆయనే చెప్పుకున్నాడు. 1993లో జాతీయ టీంని పలకరిద్దామని వెళ్తే అపశకునం అని లోపలికి రానివ్వలేదు. మా దేశంలో ఏ నేరానికైనా పెద్ద శిక్ష ముప్ఫై ఏళ్ళు, నేను యాభై ఏళ్ళుగా అనుభవిస్తున్నా అన్నాడు, 2000లో పోయాడు.

ఆ రోజు వేసుకున్నవి తెల్ల చొక్కాలు. అవి కూడా దురదృష్టమని తీసేసి, ఒక పేపర్ పోటీ పెట్టి ఇప్పుడు మనం చూసే పసుప్పచ్చ చొక్కా ఎంచుకున్నారు, డిజైన్ వేసిన కుర్రాడి ఊరు ఉరుగ్వే బోర్డర్లోనే! ఆ చొక్కానే 2023 జనవరిలో మాజీ ప్రెసిడెంట్ బోల్సొనారో మనుషులు వేసుకుని వెళ్ళి పార్లమెంటు అద్దాలు పగలగొట్టారు.

*ప్రశ్న: మన హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి కూడా చెప్పండి సర్. రహీం గారి పేరు మా నాన్న ఎప్పుడూ తలుచుకునేవారు.*
– ఆటో డ్రైవర్, సికింద్రాబాద్

చెప్పాలన్నా, చివరికి దాచుకున్నదే ఇది. హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది 1948 సెప్టెంబర్లో, పోలీస్ యాక్షన్ తర్వాత, ఊళ్ళో గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రెండున్నరేళ్ళు తిరక్కుండా 1951 మార్చిలో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా ఫుట్‌బాల్ గోల్డ్ గెలిచింది, ఆ టీం కోచ్ హైదరాబాద్‌లో స్కూల్ మాస్టారుగా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కూడా ఆయనే కోచ్, వాళ్ళు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు పట్టుకొచ్చారు.

1962 జకార్తా ఇంకా గట్టి కథ. ఇండోనేషియా ఆ ఏషియన్ గేమ్స్‌కి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదు, మన అధికారి సోంధీ అదేం పద్ధతని అడిగాడు, దాంతో ఊళ్ళో ఇండియా అంటే మంట, మన ఎంబసీ మీదకి జనం వచ్చారు. సెప్టెంబర్ 4 ఫైనల్లో స్టేడియం నిండా లక్ష మంది, మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు అరుపులు. ఆ రోజు గ్రౌండ్లో ఉన్నదెవరో చూడండి: జర్నైల్ సింగ్ ఇప్పటి పాకిస్తాన్‌లోని లయాల్‌పూర్‌లో పుట్టి దేశ విభజనతో ఇటు వచ్చినవాడు, తలకి కుట్లు వేసుకుని మరీ ఆడాడు. ఫ్రాంకో గోవా మూలాలున్నవాడు, గోవా ఇండియాలో కలిసి అప్పటికి తొమ్మిది నెలలు కూడా కాలేదు. బలరాం మీ పక్క అమ్ముగూడ కుర్రాడు, యూసుఫ్ ఖాన్‌దీ హైదరాబాదే, కెప్టెన్ చునీ గోస్వామి కలకత్తా మోహన్ బగాన్. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, గోల్స్ పీకే బెనర్జీ, ఆ కుట్ల తల జర్నైల్.

రహీం గారికి అప్పటికే క్యాన్సర్, తర్వాతి ఏడాది జూన్లో పోయారు. ముందురోజు రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టి, రేపు నాకొక కానుక కావాలి, గోల్డ్ తెచ్చివ్వండి అన్నారని ఆ టీం వాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూడా చెప్పుకునేవాళ్ళు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ గోల్డ్ రాలేదన్నా. మీ నాన్నగారు ఆయన్ని ఎక్కడైనా చూశారా, లాల్ బహదూర్ స్టేడియం ఇంకా ఫతే మైదాన్‌గా ఉన్న రోజుల్లో? తెలిస్తే రాయండి, వచ్చే నెల వేస్తాను.