పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌తో బి.ఎ. పూర్తిచేస్తే ఉద్యోగం వస్తుందా?

పొదిలిలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ (ప్రభుత్వ పాలనాశాస్త్రం) గ్రూపుతో బి.ఎ. ఆఖరి సంవత్సరం చదువుతున్నానని, ఈ డిగ్రీకి ఉద్యోగాలు లేవని బంధువులు అంటున్నందున దీన్ని వదిలి కంప్యూటర్ కోర్సులో చేరమంటారా అని మీరు అడిగారు. నేను కావలిలో ఇదే గ్రూపు చదివి, ప్రస్తుతం ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను కాబట్టి, తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ఈ సబ్జెక్టు పేరు రాసి అడిగే ఉద్యోగాలు, అధ్యాపక పోస్టులను మినహాయిస్తే, దాదాపు లేవనే చెప్పాలి. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే గ్రూప్-2 గాని, పంచాయతీ కార్యదర్శి పోస్టు గాని, బ్యాంకు పరీక్షలు గాని ఏదైనా డిగ్రీ ఉంటే చాలంటాయి. మీ బంధువులు చూస్తున్నది ఇదే, అందులో అబద్ధం లేదు. అయితే పరీక్షలో ఈ చదువు ఎంతవరకు అక్కరకొస్తుందో వారు లెక్కవేయలేదు.

2023 చివర్లో వచ్చిన నోటిఫికేషన్ నాటి గ్రూప్-2 పద్ధతినే తీసుకోండి. మెయిన్స్‌లో రెండు పేపర్లకు కలిపి 300 మార్కులుంటే, అందులో 75 భారత రాజ్యాంగానివి. కేంద్ర రాష్ట్ర సంబంధాలు, 73, 74వ రాజ్యాంగ సవరణలు, స్థానిక సంస్థలు మనం తరగతిలో చదివినవే. మీ గ్రూపులోని చరిత్ర, ఆర్థికశాస్త్రం కూడా మరో 150 మార్కుల భాగానికి పునాది అవుతాయి. కాని ముందుగా దాటవలసిన స్క్రీనింగ్ పరీక్షలో రాజ్యాంగానికి ప్రత్యేక భాగమే లేదు. భారతదేశ చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన విషయాలు, మెంటల్ ఎబిలిటీ ఒక్కొక్కటి 30 మార్కులకు ఉంటాయి. మన గ్రూపు వారిలో చాలామంది, బాగా వచ్చిన పాలిటీనే, అంటే రాజ్యాంగం భాగాన్నే, మళ్లీ మళ్లీ చదివి, భూగోళం దగ్గర, లెక్కల దగ్గర ఆగిపోవడం నేను చూశాను. కాబట్టి ఈ రెండింటినీ ఇప్పుడే మొదలుపెట్టండి. సివిల్స్ వైపు మనసుంటే, అక్కడ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్‌గా 500 మార్కులకు ఉంది, మెయిన్స్ తెలుగులో కూడా రాయవచ్చు. అయితే మంచి పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి.

ఉద్యోగంలో చేరిన తర్వాత ఈ చదువు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మా కార్యాలయానికి ఒక పెద్దావిడ తన ఇంటి పన్ను డిమాండు ఇంకా చనిపోయిన భర్త పేరనే వస్తోందని అర్జీ తెచ్చారు. అంతకు ముందే ఆమె చేతిలో ఒక ఎండార్స్‌మెంటు, అంటే అర్జీకి ఆఫీసు రాసి ఇచ్చే జవాబు, ఉంది. దానిమీద "పరిశీలించి తగు చర్య తీసుకొనబడును" అని తప్ప మరొక్క ముక్క లేదు. ఏ కాగితాలు జతపరచాలో, ఎవరికి ఇవ్వాలో, ఎన్నాళ్లలో పని అవుతుందో రాసి ఇస్తే ఆమెకు రెండోసారి ఆటో ఖర్చులు పెట్టుకునే అవసరం వచ్చేది కాదు. జవాబుదారీతనం, అధికార దత్తత (పై అధికారి తన అధికారంలో కొంత కిందివారికి అప్పగించడం) అని మనం పరీక్షల కోసం బట్టీపట్టేవి ఇలాంటి కాగితం మీదే తేలుతాయి. ఈ చదువు చదివిన వారు కార్యాలయాల్లోకి మరింతమంది రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

అలాగని నోటిఫికేషన్ మీదే ఆశపెట్టుకుని నెల్లూరులోనో హైదరాబాదులోనో కోచింగ్ గదిలో ఏళ్లు గడపమని నేను చెప్పను. గ్రామ, వార్డు సచివాలయాల కోసం 2019లో జరిగినంత పెద్ద నియామకం తరచుగా రాదు. ఎడ్‌సెట్ రాసి సాంఘిక శాస్త్రం మెథడాలజీతో బి.ఇడి. చేస్తే ప్రభుత్వ టీచర్ల నియామకమైన డీఎస్సీకి దారి ఉంటుంది. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్.ఎల్.బి. చేసినా, పాలనా చట్టం ముందే పరిచయం ఉన్నందున చదువు తేలికవుతుంది. ఈ రెండింటిలో ఒకటి చేస్తూ గ్రూప్స్‌కు సిద్ధం కావడమే మధ్యతరగతి ఇంటి పిల్లలకు మేలని నా అభిప్రాయం. బోధన ఇష్టమైతే ఎం.ఎ. చేసి కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాయండి; అందులో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విడి సబ్జెక్టుగానే ఉంది.

కృష్ణపట్నం వైపు సంస్థల్లోనూ, చీమకుర్తి గ్రానైట్ కంపెనీల్లోనూ ఆఫీసు పనులకు బి.ఎ. వారిని తీసుకుంటారు గాని, అక్కడ మీ సబ్జెక్టును ఎవరూ అడగరు; ఎక్సెల్, ట్యాలీ వచ్చా, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలరా అనే చూస్తారు.

ఇక కంప్యూటర్ సంగతి. డిగ్రీ వదలవద్దు, కంప్యూటర్‌నూ వదలవద్దు. గ్రూప్-2లో ఎంపికైన వారికి కూడా కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష తప్పనిసరి. ఈ సెలవుల్లో ఎక్సెల్‌తో పాటు తెలుగు యూనికోడ్ టైపింగ్ నేర్చుకోండి. డీటీపీ సెంటర్లలో నేర్పే, యూనికోడ్ కాని అను ఫాంట్లు ఆన్‌లైన్ ఫైళ్లలో పనికిరావు కాబట్టి, చేరేముందే ఏది నేర్పుతారో అడిగి తెలుసుకోండి.