కుడి మోకాలు లెక్కపెట్టు

నల్లగొండ,
ఆదివారం

కోడలు పిల్లా,

గేర్ల సైకిల్ కొన్నవని, సంక్రాంతి లోపల నాగార్జునసాగర్ దాకా తొక్కుకుంట పోతనంటున్నవని మీ అమ్మ చెప్పింది. మొన్న పొద్దుగాల నువ్వు పానగల్లు దిక్కు పోతుంటే చాయ్ హోటల్ కాడ కూసొని చూసిన. నువ్వు నన్ను చూడలే. ఒక్కో తొక్కుకు నీ భుజం ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరుగుతుంది. చైనేమో వెనక అన్నిట్ల చిన్న చక్రం మీద ఉంది, అంటే అన్నిట్ల బరువు గేరు. చేతిగడియారం చూసుకుంట లెక్కపెట్టిన: 15 సెకండ్లల్ల నీ కుడి మోకాలు 12 సార్లు లేచింది. అంటే నిమిషానికి 48. అది సైకిల్ తొక్కుడు కాదు బిడ్డా, ఇసుర్రాయి తిప్పుడు.

నేను గూడ అట్లనే చేసి చెడిపోయినోన్నే. ఉత్తరాలు పంచినన్ని ఏండ్లు గేర్లు లేని నల్ల సైకిలే తొక్కిన, మోకాలు ఏనాడూ మాట్లాడలే. రిటైరైనంక గేర్ల సైకిల్ కొన్న. బరువు గేరు తొక్కుడే మొనగాడితనం అనుకున్న. స్పీడు మీటర్‌ల 28 కనబడితే సంబురం. మూడు నెలలకు ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకునుడే. చూసిన డాక్టర్ గోళీలు రాసిండు గని సైకిల్ ఎట్ల తొక్కుతున్నవని ఒక్క ముక్క అడగలే.

సంగతి ఏందంటే, ఒక స్పీడుల పోవాల్నంటే ఇంత కష్టం పెట్టాలె అని ఉంటది. దాన్ని తక్కువ సార్లు గట్టిగ తొక్కి తీర్చొచ్చు, ఎక్కువ సార్లు అల్కగ తొక్కి తీర్చొచ్చు. అప్పు ఒక్కపారి కట్టుడా, కిస్తుల కట్టుడా అన్నట్టు. ఒక్కపారి కడితే తొడల మీద, మోకాళ్ళ మీద పడ్తది. కిస్తులకు వడ్డీ లేదనుకోకు, అది దమ్ము రూపంల కట్టాలె. గని దమ్ము రెండు నిమిషాలల్ల సల్లబడ్తది, మోకాలు సల్లబడదు.

లెక్కపెట్టుడు సులువే. కుడి మోకాలు పైకొచ్చినప్పుడల్లా ఒకటి. 15 సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. 20 వస్తే 80 అన్నట్టు. దీన్నే కేడెన్స్ అంటరు. రెండు కాళ్ళు కలపకు. మొదటి రోజు నేను రెండూ కలిపి 130 తొక్కుతున్ననని ఇంటికొచ్చి మీ అత్తకు గొప్పలు చెప్పిన.

చదును రోడ్డు మీద నీకు 75 నుంచి 85 చాలు. పోటీలల్ల తొక్కేటోళ్ళు 90, 100 తిప్పుతరు, అది ఏండ్ల సాధన. ఇప్పుడే నువ్వు 95 తిప్పబోతే సీటు మీద ఎగుర్తవ్. ఎగురుతున్నవంటే ఐదు తగ్గించు, సీటు గూడ చూసుకో: పెడల్ అడుగుకు దించి దాని మీద మడమ పెడితే కాలు తిన్నగ కావాలె. ఎక్కుడు వచ్చినకాడ 60, 65కు పడినా ఫరవాలేదు. 50కి పడిందంటే గేరు మార్చుడు ఆలస్యం చేసినవన్నట్టు. అప్పుడు మారుద్దామంటే బరువు మీద చైన్ కరకరలాడ్తది, ఒక్కోసారి జారుతది. ఎక్కుడు కనబడంగనే మార్చు.

ఒక పని చెయ్. మీ వాకిట్ల గచ్చు మీద, ముందు 34 పళ్ళు, వెనక 17 పళ్ళు ఉన్న గేరుల చైన్ పెట్టి, సుద్దతో గీత గీసి, పెడల్ ఒక్క చుట్టు తిరిగేదాక సైకిల్‌ను ఎనక్కి నడిపించు. మళ్ళ గీత గియ్యి. మధ్యల 4.2 మీటర్లు అటు ఇటుగ వస్తది. నిమిషానికి 80 చుట్లంటే గంటకు 20 కిలోమీటర్లు. గా గేరుల మీటర్ 20 చూపిస్తే నీ కాళ్ళు 80ల ఉన్నట్టే, లెక్కపెట్టే పనే లేదు. నా నల్ల సైకిల్‌కు 44, 18 పళ్ళు. ఒక్క చుట్టుకు 5.4 మీటర్లు పోయేది.

కేడెన్స్ లెక్కపెట్టి ఫోన్‌ల చూపించే సెన్సర్ కొంటనన్నవంట. కొను, తప్పులేదు. అయస్కాంతం లేని రకం తీసుకో, ఎడమ క్రాంక్‌కు, అంటే పెడల్ తగిలించిన కడ్డీకి, రబ్బరు పట్టీతో కట్టాలె. కట్టినంక పెడల్ ఎనక్కి తిప్పి ఫ్రేముకు తాకుతలేదుగదా చూడు. బిళ్ళ బ్యాటరీ కింద ప్లాస్టిక్ కాగితం ఉంటది, అది గుంజకుంటే పనిచెయ్యదు. నేను దాన్ని గుంజక రెండు రోజులు ఫోన్‌ను తిట్టుకున్న. ఇంకోటి, తొక్కకుంట జారిపోయినప్పుడు వచ్చే సున్నాలను గూడ కలిపితే సగటు 62 అని చూపించి నిన్ను ఏడిపిస్తది. యాప్‌ల సున్నాలు వదిలేసే సెట్టింగు ఉంటే పెట్టుకో. లారీలు తిరిగే రోడ్డు మీద మాత్రం తెర దిక్కు చూడకు. కాళ్ళకు లెక్క అలవాటైనంక అంకె ముందుగాల నువ్వే అనుకొని, తర్వాత చూసుకో.

ఇప్పటికి పానగల్లు రోడ్డు మీదనే తొక్కు. వానకాలం పడమటి గాలికి పోయేటప్పుడు వీపు మీద తోసినట్టుంటది, వచ్చేటప్పుడు ఎదురు కొడ్తది. పోంగ 24 స్పీడుల పోతవ్, రాంగ 15కు దిగుతవ్. దిగనియ్యి. రెండుదిక్కుల గూడ కాళ్ళు 80ల ఉన్నయా లేవా, అదొక్కటే చూసుకో. ఎదురుగాలిల స్పీడు కాపాడుకుందామనే నా మోకాలు పోయింది.

కనగల్లు, హాలియా మీదికెల్లి సాగర్ 60 కిలోమీటర్ల చిల్లర. మొదటి గంట కాళ్ళు 70, 75 దాటనియ్యకు, అల్కగుందని ఉరకకు. పెద్దవూర కాడ ఆగి నీళ్ళు తాగు. ఆగే ముందు అల్క గేరుకు దించి ఆగు, మళ్ళ ఎక్కంగ కాళ్ళకు బరువుండదు.

వచ్చే ఆదివారం ఐదున్నరకు క్లాక్‌టవర్ కాడికి రా. నేను సుద్దముక్క తెస్త, నువ్వు టేపు తే.

మీ మామ