పలికించేవాడి పక్కన ‘అట’ ఉంది, నా పక్కన లేదు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. జరగబోయేదంతా దేవుడికి ముందే తెలిసి, దాన్ని నిర్ణయించిందీ ఆయనే అయితే ‘నేను ఎంచుకున్నాను’ అనుకోవడం ఉత్త నాటకమే కదా అన్నది మొదటిది. గట్టిగా అడిగితే ‘దేవుడు మన బుద్ధికి అందడు’ అని నోరు మూయిస్తారు, అది తప్పించుకోవడం కాదా అన్నది రెండోది. నేను పండితుణ్ణి కాను. తొమ్మిదేళ్లు విపరీతంగా తాగి, పదకొండేళ్ల కిందట మానేసినవాణ్ణి. ఈ ప్రశ్న నా దగ్గరికి పుస్తకంలోంచి రాలేదు, సీసాలోంచి వచ్చింది. చదవడమంతా ఆ తర్వాతే.

తాగే రోజుల్లో నాకు బాగా అక్కరకొచ్చిన మాట ‘రాసిపెట్టి ఉంది’. ఉద్యోగం పోయింది, రాసిపెట్టి ఉంది. పిల్ల పుట్టినరోజుకి ఇంటికి చేరలేదు, ఏం చేస్తాం, రాత. కానీ ఒకటి చెప్పాలి. సాయంత్రం మందు సంపాదించడం మాత్రం నేనెప్పుడూ రాతకి వదిలెయ్యలేదు. ఎవరి దగ్గర ఎంత అప్పు పుడుతుంది, ఇంట్లో ఏ అబద్ధం అతుకుతుంది, ఏ దారిన వెళితే తెలిసినవాళ్లు కనబడరు, అంతా పక్కా లెక్క. ఆ ఒక్క పనిలో నాకున్నంత పురుషకారం ఇంకెవరికీ ఉండి ఉండదు. విధిని అంత గాఢంగా నమ్మేవాణ్ణి, సీసా దగ్గరికొచ్చేసరికి పూర్తి నాస్తికుణ్ణి.

మానేసిన రాత్రి గురించి పెద్ద కథేమీ లేదు. పదింటికి వెళ్లాను, దుకాణం మూసి ఉంది. వెనక్కి వచ్చేశాను. నాలుగు నెలలుగా పర్సులో మడిచి పెట్టుకున్న కాగితం తీసి, దానిమీదున్న నంబరుకి ఫోన్ చేశాను. తాగుడు మానేసినవాళ్లు వారానికోసారి కలిసే ఒక చిన్న బృందం, దాన్ని నడిపించే పెద్దాయన నంబరు అది. పొద్దున్నే ఆయన నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. (నాలా ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇది చదివేవాళ్లలో అలాంటివాళ్లుంటే ముందు డాక్టరుకి చూపించుకోండి. వేదాంతం తర్వాత.)

ఇప్పుడు నన్ను ఇన్నేళ్లుగా తొలిచేస్తున్న విషయం. ఆ దుకాణం అంతకుముందు కూడా ఎన్నో రాత్రులు మూసి ఉంది. ఆ రాత్రులన్నీ ఇంకోటి వెతుక్కుంటూ ముందుకే వెళ్లాను. అదే తలుపు, అదే తాళం, అదే మనిషి. ఈసారి మాత్రం కాళ్లు వెనక్కి తిరిగాయి. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

మొదట్లో నా దగ్గర జవాబుండేది: నా పట్టుదల. ఒక సమావేశానికి పాతికేళ్ల కుర్రాడు కొత్తగా వచ్చాడు. ‘ఎలా మానేశారన్నా?’ అని అడిగాడు. ‘మనసు గట్టిగా ఉంటే చాలు తమ్ముడూ, నేను అనుకున్నాను, అయిపోయింది’ అన్నాను. అతను తలూపి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ రోజు పెద్దాయన నన్నేమీ తిట్టలేదు. ‘ఆ అబ్బాయి అప్పటికే వంద సార్లు గట్టిగా అనుకుని ఉంటాడు తమ్ముడూ’ అన్నారు, అంతే.

ఆ మాట పట్టుకునే నేను అగస్టీన్ దగ్గరికి వెళ్లాను. నాలుగో శతాబ్దంలో పుట్టిన క్రైస్తవ బిషప్పు. తన అలవాట్లతో తానే ఏళ్ల తరబడి కుస్తీ పట్టి ఓడినవాడు. ఆత్మకథలో దేవుణ్ణి ఇలా అడుగుతాడు: నువ్వు ఆజ్ఞాపించేదేదో దాన్ని నువ్వే ఇవ్వు, ఆ తర్వాత నీకేం కావాలంటే అది ఆజ్ఞాపించు. ఈ వాక్యం వినగానే పెలేజియస్ అనే సాధువుకి ఒళ్లు మండిందట. చెయ్యగలిగిన శక్తి లేకుండా దేవుడు ఆజ్ఞ ఇస్తాడా, ఇలా మాట్లాడితే ప్రతి బద్ధకస్తుడూ చేతులెత్తెయ్యడా అని అతని బాధ. సమంజసమైన బాధే. పైకి చూస్తే పెలేజియస్ మాటే మనిషికి ఎక్కువ గౌరవమిస్తుంది. 418లో కార్తేజ్‌లో సమావేశమైన బిషప్పులు దాన్ని ఖండించారు. ఆ ఖండన న్యాయమో కాదో నేను చెప్పను గానీ, ఆ కుర్రాడికి నేను చెప్పింది అచ్చం పెలేజియస్ మాట. లేవలేనివాడితో ‘లేవాలనుకుంటే లేస్తావు’ అనడం ఎంత క్రూరమో, ఆ ఖాళీ కుర్చీ చూశాకే నాకు తెలిసింది.

సరే, తేడా నాది కాదు, దేవుడి కృపదే అందాం. అప్పుడు ఇంకా పెద్ద చిక్కు. ఆ కృప తొమ్మిదేళ్లు ఎక్కడికి పోయింది? అందరికీ అందే కృప ఒకరిలో పనిచేసి ఇంకొకరిలో ఎందుకు చెయ్యదు? సరిగ్గా దీనిమీదే కాథలిక్కుల్లో పెద్ద గొడవ జరిగింది. జెస్యూట్లు, డొమినికన్లు అని వాళ్లలో రెండు మత సంఘాలున్నాయి. 1588లో మొలీనా అనే జెస్యూట్ రాసిన పుస్తకంతో గొడవ రాజుకుంది. మనిషి తన స్వేచ్ఛతో ఒప్పుకుంటేనే కృప ఫలిస్తుందని, ఏ పరిస్థితిలో ఎవరు ఒప్పుకుంటారో దేవుడికి ముందే తెలుసని జెస్యూట్లు. కాదు, ఆ ఒప్పుకోవడాన్ని పుట్టించేదీ కృపేనని డొమినికన్లు. రోమ్‌లో ఏళ్ల తరబడి విచారణలు నడిపి, చివరికి 1607లో పోప్ ఐదో పాల్ ఎటూ తీర్పు చెప్పకుండానే ముగించాడు. ఒకరినొకరు మతద్రోహులనుకోవద్దని మాత్రం కట్టడి చేశాడు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత కొంత ధైర్యం కూడా వచ్చింది. నా తాళం ముందు నేను ఇరుక్కున్న చోటే, జీవితమంతా దీనికే ధారపోసినవాళ్లూ ఇరుక్కున్నారన్నమాట.

‘ముందే తెలుసు’ అన్న భాగం గురించి ఎక్కువ చెప్పను, అది అసలు చిక్కు కాదని నా అభిప్రాయం. ఆరో శతాబ్దంలో మరణశిక్షకి ఎదురుచూస్తూ చెరలో కూర్చుని బోయీథియస్ అనే రోమన్ తత్వవేత్త దీనికి ఇచ్చిన జవాబు చాలామట్టుకు చాలు: దేవుడికి ముందూ వెనకా లేవు, అంతా ఒక్క ఇప్పుడుగా కనిపిస్తుంది, చూడటం వల్ల చూసిన పని నిర్బంధం అయిపోదు. నేను నడుస్తుంటే మీరు చూశారని నా కాళ్లు మీ చెప్పుచేతల్లోకి రావు కదా. కాకపోతే దేవుడు ఊరికే చూసేవాడు కాదు, చేసినవాడు కూడా. ముల్లు అక్కడుంది, అది బోయీథియస్‌తో పోదు. సైన్స్ కూడా స్వేచ్ఛ లేదంటోందని రాశారు. మీరు చెప్పేది మెదడు మీద పరిశోధన చేసిన లిబెట్ 1983 నాటి ప్రయోగమే అనుకుంటాను. వేలు కదలడానికి దాదాపు అర సెకను ముందే మెదడులో సంకేతం మొదలైంది, కదపాలన్న ఆలోచన తమకు తెలిసిందని మనుషులు చెప్పిన క్షణం మాత్రం కదలికకి సుమారు 0.2 సెకన్ల ముందే. కానీ ఆ మిగిలిన కాస్త వ్యవధిలో ‘వద్దు’ అనే వీలుందని లిబెట్టే అన్నాడు. తాగాలన్న కోరిక ఎక్కడ పుడుతుందో నా చేతుల్లో లేదని ఏ తాగుబోతుకైనా తెలుసు. ‘వద్దు’ అనే ఆ సందు ఎంత ఇరుకో కూడా తెలుసు.

నాకు ఊపిరాడింది వేరే చోట. గీత పద్దెనిమిదో అధ్యాయంలో, ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి, యంత్రం మీద ఎక్కించిన బొమ్మల్లా జీవులను తిప్పుతున్నాడని 61వ శ్లోకం. 63లో అదే నోటితో ‘యథేచ్ఛసి తథా కురు’, నీకెలా తోస్తే అలా చెయ్యి. మధ్యలో ఒక్క శ్లోకం దూరం. చెప్పినవాడికి ఇందులో తడబాటేమీ కనిపించలేదు. కౌషీతకి ఉపనిషత్తు ఇంకా నిర్మొహమాటం: పైకి తేదలచినవాడిచేత ఆయనే మంచి పని చేయిస్తాడు, కిందికి దించదలచినవాడిచేత ఆయనే చెడ్డ పని చేయిస్తాడు. రెండో సగం చదివి పుస్తకం మూసేశాను, నిజంగానే. జీవుడి ప్రయత్నాన్ని బట్టే ఈశ్వరుడు చేయిస్తాడని బ్రహ్మసూత్రాల్లో దీనికి సమాధానం ఉంది. మరి ఆ ప్రయత్నం ఎవరు చేయించారు? అంతకుముందు ప్రయత్నాన్ని బట్టి. దానికి ముందు? అనాది. ప్రశ్నని చంపకుండా వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతూ పోవడం ఇది. అయినా ‘చేయిస్తాడు’ అన్న క్రియాపదం దగ్గర నేను ఆగిపోయాను.

చేయించడం అంటే చేసేవాడు లేకుండా పోవడం కాదు. పిల్లచేత అక్షరాలు రాయించామంటే రాసింది పిల్లే, బలపం ఉన్నది పిల్ల చేతిలోనే. రాయించినవాడు, రాసినవాడు ఇద్దరూ ఒకే పనిలో ఉన్నారు, పనిని చెరి సగం పంచుకోలేదు. ఎవరెంత అని అడగడమే కుదరదు. ‘మానేశాను’, ‘మాన్పించాడు’ అన్నవి రెండూ నా విషయంలో నిజమే. ఇస్లాంలో అష్‌అరీలనే ఒక వేదాంత శాఖవాళ్లు పనిని సృష్టించేది అల్లా, దాన్ని సంపాదించుకునేది మనిషి అన్నప్పుడు ఇలాంటిదే ఏదో పట్టుకోబోయారనిపిస్తుంది. ఇది వ్యాకరణమే తప్ప రుజువు కాదని నాకు తెలుసు. పైగా, పిల్ల తప్పు రాస్తే రాయించినవాడి మాటేమిటి అని మీరు అడగవచ్చు. అడగండి. నా దగ్గర జవాబు లేదు.

పోతన పద్యం అందరికీ తెలిసిందే: ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే బలికిన భవహరమగునట, పలికెద...’ చిన్నప్పుడు బట్టీపట్టినప్పుడు దీన్ని వినయం అనుకున్నాను. మానేసిన మూడో ఏట ఒకరోజు దంతాలు తోముకుంటూ గొణుక్కుంటుంటే ‘అట’ వినబడింది. మూడు సార్లు. ‘అట’ అని మనం ఎప్పుడంటాం? మన కంటితో చూడనిది, ఎవరో చెబితే విన్నది చెప్పేటప్పుడు. పలికించేవాడి పక్కన ‘అట’ ఉంది. దక్కే ఫలం పక్కన ‘అట’ ఉంది. ‘పలికెద’ పక్కన మాత్రం లేదు. అక్కడ వినికిడి లేదు, ఆ పని తనది. పోతన ఉద్దేశం ఇదేనని పండితుల ముందు వాదించను. నా మటుకు మీ రెండు ముక్కలూ అక్కడ కలిశాయి. దేవుడి వైపు నుంచి ఏం జరిగిందో నేనెంత భక్తిగా చెప్పినా అది ‘అట’తోనే ముగియాలి. నా వైపు నుంచి నేను చేసిన దానికి ‘అట’ తగిలించడానికి వీల్లేదు. తాగిన తొమ్మిదేళ్లూ నేను చేసింది సరిగ్గా అదే. ‘రాసిపెట్టి ఉందట’ అని నా పనికి అతికించి, దేవుడి మనసులో ఏముందో మాత్రం చూసొచ్చినట్టు చెప్పేవాణ్ణి.

కాబట్టి ‘దేవుడు మన బుద్ధికి అందడు’ అన్న మాట తప్పించుకోవడమా అంటే, అన్నవాడు ఆ తర్వాత ఏం చేస్తాడో చూడండి. అందడని చెప్పి, మరుక్షణమే ‘మీవాడు పోయింది ఫలానా పాపం వల్ల’ అని వివరిస్తే అది మోసం. అందనిది ఆ చెప్పినవాడికెలా అందింది? బైబిల్లో, కష్టాలపాలైన యోబు కథలో ముగ్గురు స్నేహితులు వచ్చి, నీ కష్టాలకి నీ తప్పులే కారణమని రకరకాలుగా నిరూపిస్తారు. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ల మీద, నన్ను గురించి సరిగ్గా మాట్లాడలేదని. నిలదీసిన యోబుది సరైన మాట అంటాడు. అంతకుముందు ఆ యోబునే ‘నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు’ అని అడుగుతాడు, కారణం మాత్రం చెప్పడు. ముందే కొందరిని నాశనానికి నిర్ణయించాడని బోధించిన ప్రొటెస్టెంట్ మతగురువు కాల్విన్ కూడా ఒకచోట ‘ఇది భయంకరమైన శాసనమే, ఒప్పుకుంటాను’ అని రాశాడు. అతని సిద్ధాంతం నాకు మింగుడుపడదు, కానీ ఆ ‘ఒప్పుకుంటాను’ మీద గౌరవం ఉంది.

నాతో పాటు తాగిన స్నేహితుడొకడు ఉండేవాడు. నాకన్నా మంచివాడు, ఇది మాటవరసకి అనడం లేదు. వాడి పర్సులోనూ అదే నంబరు ఉంది, మేమిద్దరం ఒకే రోజు రాసుకున్నాం. నేను మానేసిన రెండేళ్లకి వాడు లివర్ పాడై చనిపోయాడు. కర్మకాండలన్నీ అయ్యాక వాళ్ల ఇంటికి వెళ్లాను. వాడి భార్య నన్ను కాసేపు చూసి, ‘నిన్ను ఆపిన దేవుడు ఆయన్నెందుకు ఆపలేదు?’ అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది. కృప, కర్మ, మొలీనా అప్పటికి నేను చాలా చదివి ఉన్నాను.

‘తెలీదు వదినా’ అన్నాను.

‘పదమూడు రోజుల్నించి వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పి వెళ్లారు’ అంది. లేచి వెళ్లి వాడి పర్సు తెచ్చింది. కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఎన్ని సార్లు తీసి చూసుకున్నాడో.