పారుడు టీకా చిటుకను ఆపదు

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్తే. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతం. 120 జోడిపి జాతి గొర్రెలున్నాయి. నెల క్రితం పారుడు రోగానికి టీకా వేయించాను. ఎడగారు (వానలకు ముందు కోసే రెండో పంట) వరి కోతలు కాగానే మందను సంగం వైపు కయ్యల్లోకి తోలుకొచ్చాం. వారంలో తొమ్మిది చచ్చిపోయాయి. అన్నీ ఒళ్లు చేసిన పిల్లలే. సాయంత్రం బాగా మేసినవి తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని పడి ఉంటున్నాయి. రెండు పారుకున్నాయి కూడా. టీకా పనిచేయలేదని, ఇమ్యూనిటీ తగ్గిందని మందుల షాపులో అంటున్నారు. టీకా రోజున ఒకసారి, మొన్న ఒకసారి బలానికని డెక్సామిథాసోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పారుడు టీకా మళ్లీ వేయించాలా?

జవాబు: ఇప్పుడు వద్దు. మీరు రాసిన లక్షణాలు పారుడువి కావు, చిటుక రోగానివి. పారుడు వస్తే జ్వరం, కళ్ల పుసులు, ముక్కు నుంచి చీమిడి, నోట్లో పుండ్లు, ఆ తర్వాత కంపుకొట్టే విరేచనాలు ఉంటాయి. గొర్రె కొన్ని రోజులు ఈడుస్తుంది. రాత్రికి రాత్రి, అదీ మందలో బలమైన పిల్లల్నే ఏరుకుని పోయేది చిటుక. రెండు పారుకున్నంత మాత్రాన అది పారుడు రోగం అయిపోదు.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. కోసిన కయ్యల్లో రాలిన వడ్లు. ఈ రోగం తెచ్చే బాక్టీరియా గొర్రె పేగులో కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువగా దిగితే అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తంలో కలిసి మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఈ రోజే మందను కయ్యల్లోంచి బయటకు తోలండి. రెండు మూడు రోజులు ఎండుగడ్డి, బీడు మేతే. మళ్లీ చనిపోతే వెంటనే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు గానీ దగ్గరి పశువైద్యశాలకు గానీ ఫోన్ చేసి శవపరీక్ష చేయించండి. గుండె చుట్టూ నీరు, మెత్తబడిన మూత్రపిండం, మూత్రంలో చక్కెర కనబడితే దాదాపు అదే. చిన్నపేగు ముక్కను రెండు వైపులా దారంతో కట్టి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపితే విషం ఉందో లేదో తేలుతుంది. ఆలస్యమైతే పేగు కుళ్లిపోయి పరీక్ష దండగవుతుంది.

ల్యాబు జవాబు వచ్చేదాకా ఆగకుండా మంద మొత్తానికి చిటుక టీకా చర్మం కింద వేయించండి. మోతాదు కంపెనీని బట్టి మారుతుంది, సీసా మీద రాసినంత వేయాలి. సీసా సరిపోలేదని సగం సగం పంచొద్దు. 14 నుంచి 21 రోజుల మధ్య రెండో డోసు. మీ ప్రాంతంలో చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో డోసునే. ఇది ఎందుకు తప్పకూడదో కొంచెం వివరంగా చెబుతాను.

టీకా వేసినప్పుడు గొర్రె ఒంట్లో పనిచేసేవి ముఖ్యంగా రెండు రకాల తెల్ల రక్తకణాలు, బి కణాలు, టి కణాలు. ఒక్కో కణం ఒక్క ఆకారాన్నే గుర్తుపడుతుంది, కాపరి వందల మందలో తన గొర్రెను మొహం చూసి పట్టుకున్నట్టు. పారుడు వైరస్‌ను గుర్తుపట్టే కణానికి చిటుక విషం అసలు కనపడదు. అందుకే ఆ టీకా దీన్ని ఆపలేదు. టీకా చెడిపోయిందనడానికి ఇక్కడ ఆధారమేమీ లేదు.

మెడ మీద సూది వేసిన కొన్నాళ్లకు భుజం ముందు చర్మం కింద తడిమి చూడండి, గట్టి గడ్డ చేతికి తగలొచ్చు. అది లింఫు గ్రంథి. టీకాలోని పదార్థాన్ని అక్కడికి మోసుకొచ్చే కణాలు వేరే ఉన్నాయి. సరిపోయిన టి కణం దొరికితే అది వందల వేలుగా పెరుగుతుంది. వాటిలో సహాయక టి కణాలు బి కణాలకు సంకేతమిస్తాయి. అప్పుడు బి కణాలు యాంటీబాడీలు (రోగక్రిమిని, విషాన్ని పట్టుకుని అడ్డుకునే పదార్థాలు) తయారుచేసే కణాలుగా మారతాయి. కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. మొదటి డోసుకు ఇదంతా జరగడానికి వారం పది రోజులు పడుతుంది, వచ్చే యాంటీబాడీలు కూడా తక్కువే. రెండో డోసుకు జ్ఞాపక కణాలు మూడు నాలుగు రోజుల్లోనే స్పందిస్తాయి. యాంటీబాడీలు ఎక్కువగా వస్తాయి, గట్టిగా పట్టుకునేవి వస్తాయి, ఎక్కువ కాలం ఉంటాయి.

పారుడు వైరస్ కణాల లోపల దాక్కుంటుంది. అక్కడికి యాంటీబాడీ చేరలేదు. వైరస్ సోకిన కణాన్నే చంపే టి కణాలు కావాలి. పారుడు టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్ కాబట్టి రెండు రకాల కణాలూ తయారవుతాయి, ఒక్క డోసు మూడేళ్ల దాకా కాస్తుంది. పైగా ఆ రోగం బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది, జ్ఞాపక కణాలు లేవడానికి సమయం దొరుకుతుంది.

చిటుకలో ఆ సమయం లేదు. విషం రక్తంలో చేరాక గంటల్లో ప్రాణం పోతుంది. జ్ఞాపక కణాలు ఎంత చురుకైనవైనా మూడు రోజులు ఎవరు ఆగుతారు? యాంటీబాడీ ముందే రక్తంలో సిద్ధంగా ఉండాలి. అది నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కాబట్టి ఏటా ప్రమాదకాలానికి ముందు మళ్లీ వేయించాలి. టీకాల పట్టికల్లో మే నెల అని ఉంటుంది. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, దానికి ముందే మీరు ఎడగారు కయ్యల్లోకి దిగుతారు. మందను తోలడానికి కనీసం రెండు వారాల ముందు, ఆగస్టులో, ఇంకో డోసు పడాలి.

ఇక డెక్సా సంగతి. అది స్టెరాయిడ్. వేసిన రోజు గొర్రె హుషారుగా మేస్తుంది, అందుకే షాపువాళ్లు బలానికని అంటగడతారు. నిజానికి అది ఈ టి, బి కణాలను అణచేస్తుంది. టీకా రోజునే దాన్ని పొడవడమంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. నిండు చూలు గొర్రెలు ఈసుకుపోయే (చూలు పోయే) ప్రమాదం కూడా ఉంది. ఇమ్యూనిటీ పేరు చెప్పి సూది మందు చేతిలో పెట్టే వాళ్ల మాట దయచేసి వినకండి. ఏ గొర్రెలకు డెక్సా పడిందో గుర్తుపెట్టి మీ పశువైద్యుడికి చెప్పండి. వాటికి పారుడు టీకా తర్వాత మళ్లీ కావాలో లేదో ఆయన నిర్ణయిస్తారు. చిటుక రెండో డోసు మాత్రం వాటికి అసలు తప్పకూడదు.

చిటుక టీకాను ఫ్రీజరులో పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసుకు నేరుగా ఆనించకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్లండి. షాపులో కొన్నదైతే అది ఎక్కడ నిల్వ ఉందో చూసుకుని తీసుకోండి.

చూలు గొర్రెలకు ఈనడానికి 4 నుంచి 6 వారాల ముందు ఒక డోసు వేస్తే యాంటీబాడీలు ముర్రుపాలలోకి వస్తాయి. గొర్రెల్లో తల్లి కడుపులో ఉండగా పిల్లకు యాంటీబాడీలు అందవు, ముర్రుపాలే ఆధారం. పుట్టిన రెండు గంటల్లోపు కిలో బరువుకు 50 మి.లీ. చొప్పున, అంటే మూడు కిలోల పిల్లకు 150 మి.లీ. తాగించాలి. ఒక రోజు దాటితే పేగు వాటిని పీల్చుకోదు. మిగిలిన పిల్లలకు పారుడు టీకా నాలుగు నెలలు నిండాకే వేయించండి. అంతకు ముందు తల్లి ఇచ్చిన యాంటీబాడీలే టీకాను అడ్డుకుంటాయి.